క్యాటరాక్ట్ ఆపరేషన్ తర్వాత కార్నియా లోపలి పొర ఊడితే: ఆగి చూడాలా, గాలి ఎక్కించాలా?

శుక్లం ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పగానే చాలామందికి ఎదురుగా ఉన్నవన్నీ కడిగినట్టు తేటగా కనిపిస్తాయి. కొందరికి మాత్రం ఆపరేషన్‌కి ముందుకన్నా మసకగా ఉంటుంది. "కార్నియాకి కొంచెం వాపు వచ్చింది, చుక్కలు వేసుకోండి, తగ్గిపోతుంది" అంటారు డాక్టర్. కార్నియా అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే తేట పొర. డాక్టర్ చెప్పింది ఎక్కువసార్లు నిజమే. గట్టిపడిన శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి బయటికి లాగేటప్పుడు కార్నియా కొంత దెబ్బ తింటుంది, కొద్ది రోజుల్లో తేరుకుంటుంది.

వారం, పది రోజులు గడిచినా మసక విడవకపోతే మాత్రం ఆ వాపు వెనక ఇంకో కారణం ఉందేమో చూడాలి. కార్నియా లోపలి వైపు అంటుకుని ఉండే ఒక పల్చటి పొర చోటు వదిలి, కంట్లోని నీటిలో వేలాడుతూ ఉండొచ్చు. దాని పేరు డెసిమెట్ పొర. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ వైద్యుడు జాన్ డెసిమె పేరు మీద ఆ పేరు వచ్చింది. ఇది ఊడిందని సమయానికి గుర్తిస్తే చాలాసార్లు ఒక గాలి బుడగతో సరిపోతుంది. గుర్తించకపోతే అదే కన్ను కార్నియా మార్పిడి దాకా వెళ్లే ప్రమాదం ఉంది. ఈ రెండింటి మధ్య ఇంత దూరం ఉంది కాబట్టే ఈ విషయాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

పొర ఊడితే చూపు ఎందుకు పోతుంది

కార్నియా మందం మధ్యభాగంలో సుమారు అర మిల్లీమీటరు, అంటే 540 మైక్రాన్ల దాకా ఉంటుంది. అందులో 90 శాతం స్ట్రోమా అనే మధ్య పొరదే. స్ట్రోమాకి నీటిని పీల్చుకునే గుణం ఉంది. వదిలేస్తే ఉబ్బిపోయి, తెల్లబడి, గరుకు గాజులా మారిపోతుంది. అలా కాకుండా కాపాడేది లోపలి గోడ మీద ఒకే వరసలో పేర్చి ఉన్న ఎండోథీలియం కణాలు. ఇవి రాత్రీ పగలూ స్ట్రోమా నుంచి నీటిని బయటికి తోడుతూ ఉంటాయి. పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకి సుమారు రెండున్నర వేల కణాలు ఉంటాయి. వయసుతో పాటు తగ్గుతూ పోతాయి. మనుషుల్లో ఇవి చనిపోతే వాటి చోట కొత్తవి పుట్టవు. పక్కనున్నవే సాగి ఆ ఖాళీని కప్పుతాయి.

ఈ కణాలు నిలబడే నేలే డెసిమెట్ పొర. పుట్టినప్పుడు 3 మైక్రాన్ల మందం ఉండి, పెద్దయ్యేసరికి 10 మైక్రాన్ల దాకా పెరుగుతుంది. పొర ఊడిందంటే దాంతో పాటు కణాలూ స్ట్రోమాకి దూరమైనట్టే. అక్కడ నీటిని తోడేవాళ్లు లేక స్ట్రోమా ఉబ్బుతుంది, చూపు మసకబారుతుంది.

చికిత్స అంతా ఆధారపడే ఒక మంచి సంగతి ఇక్కడే ఉంది. ఈ కణాలకి ఆహారం కార్నియా నుంచి అందదు, కంటి ముందు గదిలో తిరుగుతుండే నీటి నుంచి అందుతుంది. పొర ఊడినా కణాలు ఆ నీటిలోనే ఉంటాయి కాబట్టి వెంటనే చచ్చిపోవు. తోడే శక్తి వాటిలో అలాగే ఉంటుంది, తోడాల్సిన చోటు మాత్రమే అందకుండా పోయింది. అందుకే ఊడిన కొన్ని వారాల తర్వాత పొరను తిరిగి అతికించినా కార్నియా తేటపడిన సందర్భాలు ఉన్నాయి. "కణాలు పాడైపోయాయి, ఇక మార్పిడే" అనే ముందు, కణాలు పాడయ్యాయా లేక చోటు తప్పాయా అని తేల్చుకోవడం అంత అవసరం.

ఎలా ఊడుతుంది

అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసే ఆపరేషన్‌నే ఫేకో అంటారు. అందులో కార్నియా అంచున రెండు, మూడు మిల్లీమీటర్ల కోత పెడతారు. ఆ కోత డెసిమెట్ పొరను కూడా దాటి లోపలికి వెళ్లాలి. బ్లేడు పదును తగ్గి ఉంటే పొరను తెంచకుండా ముందుకు నెట్టేస్తుంది. ఒకసారి అంచు లేచిందంటే గోడ మీది పోస్టర్ అంచు ఊడినట్టే: సందు దొరికిన కొద్దీ గాలి వెనక్కి దూరి ఇంకాస్త లేపుతుంది. కంట్లో ఆ పని నీరు చేస్తుంది. కోతలోంచి పరికరం లోపలికి వెళ్లిన ప్రతిసారీ, లెన్స్‌ను దూర్చేటప్పుడు, నీళ్ల ధార కొట్టినప్పుడు చీలిక కొంచెం కొంచెంగా పెరుగుతుంది. ఆపరేషన్‌లో కంటి లోపలికి జెల్ ఎక్కించే సూది మొన పొరకీ స్ట్రోమాకీ మధ్య ఇరుక్కుని, జెల్ అక్కడికి వెళ్తే మాత్రం క్షణాల్లో పెద్ద భాగం ఊడిపోవచ్చు. చివర్లో కోత మూసుకోవడానికి దాని గోడల్లోకి నీరు ఎక్కిస్తారు, అప్పుడూ ఇది జరగొచ్చు. తేలుతున్న పొరను చూసి లెన్స్‌ని చుట్టి ఉండే సంచి ముక్క అనుకుని లాగేసే ప్రమాదం కూడా ఉంది. ఇది అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే తెగి బయటికి వచ్చిన పొరను తిరిగి పెట్టలేం.

దీన్నంతా సర్జన్ చేతి తప్పుగానే చూడటం న్యాయం కాదని నా అభిప్రాయం. కొందరిలో పొరకీ స్ట్రోమాకీ మధ్య అతుకే బలహీనంగా ఉంటుంది. ఆపరేషన్ సాఫీగా జరిగినా రెండు కళ్లలోనూ పొర ఊడినవాళ్లు ఉన్నారు. కొందరికి వారాల తర్వాత ఊడుతుంది. ఫుక్స్ డిస్ట్రోఫీ లాంటి ఎండోథీలియం జబ్బు ముందే ఉన్నవాళ్లకీ, బాగా వయసు పైబడినవాళ్లకీ, శుక్లం రాయిలా గట్టిపడిన కళ్లకీ ముప్పు ఎక్కువ.

ఎంతమందికి జరుగుతుందన్న ప్రశ్నకి జవాబు దేన్ని లెక్కలోకి తీసుకుంటామన్నదాన్ని బట్టి మారుతుంది. కోత పెదవి దగ్గర పిసరంత ఊడటం చాలా మామూలు, మర్నాడు స్కాన్ తీస్తే ఎందరిలోనో కనిపిస్తుంది, దానంతటదే అతుక్కుంటుంది. చూపును దెబ్బతీసేంత పెద్దవి అరుదు. వైద్య రచనల్లో ఎక్కువగా చెప్పే అంచనా ఫేకోలో అర శాతం, పెద్ద కోత పెట్టే పాత పద్ధతిలో 2.6 శాతం.

కనిపెట్టడం దగ్గరే చిక్కు

కార్నియా మరీ ఉబ్బకపోతే స్లిట్ ల్యాంప్ (కంటి డాక్టర్లు వాడే వెలుగు గీత మైక్రోస్కోపు) దగ్గర విషయం తేలిపోతుంది. సన్నటి వెలుగు గీత కార్నియాని అడ్డంగా కోసినట్టు పడుతుంది. మామూలు కంట్లో ఆ గీత వెనక అంచు ఒకటే ఉంటుంది. పొర ఊడిన కంట్లో ఆ అంచుకి కొంచెం వెనకగా ఇంకో పల్చటి గీత, తూనీగ రెక్కంత సన్నగా, వేలాడుతూ కనిపిస్తుంది. రోగి కన్ను కదిపితే అది కూడా కొద్దిగా ఊగుతుంది.

చిక్కేమిటంటే పొర ఎంత ఎక్కువ ఊడితే కార్నియా అంత ఎక్కువ ఉబ్బుతుంది, లోపలి దృశ్యం అంతగా మూసుకుపోతుంది. అంటే చూడటం ఎంత అవసరమో అంత కష్టమవుతుంది. గ్లిజరిన్ చుక్కలు వేస్తే కొన్ని నిమిషాల పాటు కార్నియా కొంచెం తేటపడుతుంది, ఆలోపు చూసుకోవాలి. ఈ ఇబ్బందిని నిజంగా తీర్చింది కంటి ముందు భాగానికి తీసే ఓసీటీ స్కాన్. కంటిని ముట్టుకోకుండా, నొప్పి లేకుండా, కొన్ని క్షణాల్లో కార్నియా అడ్డకోత బొమ్మ వస్తుంది. తెల్లబడిపోయిన కార్నియా వెనక కూడా పొర ఎక్కడ ఊడింది, ఎంత దూరం జరిగింది, అంచు చుట్టుకుపోయిందా అన్నవన్నీ ఆ బొమ్మలో ఉంటాయి.

స్కాన్ లేని చోట కూడా పట్టించే గుర్తు ఒకటుంది. ఎండోథీలియం మొత్తంగా నీరసపడితే వాపు కార్నియా అంతా పరుచుకుంటుంది. పొర ఊడితే వాపు చాలాసార్లు ఊడినంత మేరకే ఉంటుంది. ఒకవైపు మబ్బు, ఒకవైపు తేట, మధ్యలో సరిహద్దు గీసినట్టు తెలుస్తుంది. కోత ఉన్న వైపే మబ్బు ఎక్కువగా ఉంటే అనుమానం ఇంకా బలపడాలి.

కార్నియా వాపుకి వేరే కారణాలూ ఉన్నాయి: కంటి ప్రెషర్ పెరగడం, ఆపరేషన్‌లో వాడిన ద్రవాల వల్ల వచ్చే చర్య, ముందునుంచే కణాలు తక్కువగా ఉండటం. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. నెలల తరబడి తగ్గని వాపుకి "కణాలు పోయాయి" అన్న ముద్ర వేసి కార్నియా మార్పిడి జాబితాలో పెట్టేముందు ఒక్క ఓసీటీ తీయడం కనీస బాధ్యత అని గట్టిగా నమ్ముతాను.

ఆగాలా, చేయాలా

అసలు వాదన అంతా ఇక్కడే. పొర కొన్నిసార్లు దానంతటదే అతుక్కుంటుందన్నది నిజం. అందుకే అందరికీ సూది పెట్టక్కర్లేదు. ఎవరికి ఆగొచ్చు అన్నదానికి 1977లో మాకూల్, హోల్ట్జ్ అనే కంటి డాక్టర్లు ఒక తేలికైన కొలత చెప్పారు. పొర స్ట్రోమా నుంచి 1 మిల్లీమీటరు లోపే జరిగితే ఒక రకం, అంతకన్నా ఎక్కువ జరిగితే ఇంకో రకం. మొదటిది అతుక్కునే అవకాశం ఎక్కువ, రెండోదానికి చేయి వేయాల్సి రావచ్చు.

ఓసీటీ వచ్చాక ఈ కొలత చాలా ముతకదని తేలింది. 1 మిల్లీమీటరు అంటే కార్నియా మందానికి దాదాపు రెండింతలు! ఇప్పుడు మైక్రాన్లలో చూస్తున్నారు. ఊడిన భాగం పొడవు, అది జరిగిన ఎత్తు, కంటిపాపకి ఎదురుగా ఉందా లేదా అన్నవి కలిపి నిర్ణయించే పద్ధతి 2015 ప్రాంతంలో వచ్చింది. స్థూలంగా చెప్పాలంటే 1 మిల్లీమీటరు లోపు పొడవు, 100 మైక్రాన్ల లోపు ఎత్తు ఉంటే ఎక్కడున్నా మందులతో చూడొచ్చు. 2 మిల్లీమీటర్లు, 300 మైక్రాన్లు దాటితే చేయి వేయడమే మేలు. మధ్యలో ఉన్నవాటికి చోటు ముఖ్యం: అంచున ఉంటే ఆగొచ్చు, చూపు దారిలో ఉంటే ఆగకూడదు.

పొర ఆకారం కూడా ఏదో ఒకటి చెబుతుంది. 2013లో కంటి వైద్య నిపుణుడు హర్మీందర్ దువా బృందం డెసిమెట్ పొరకి ముందు ఇంకో పల్చటి, గట్టి పొర ఉందని వివరించింది. ఊడేటప్పుడు ఆ గట్టి పొర కూడా కలిసి వస్తే స్కాన్‌లో తీగ లాగినట్టు తిన్నగా కనిపిస్తుంది. డెసిమెట్ ఒక్కటే ఊడితే అలలు అలలుగా ఉంటుంది. పొర వెనక మచ్చ కట్టి లాగుతుంటే అది ఇంకో కథ, దానికి ఒట్టి గాలి సరిపోదు. అంచు చాపలా చుట్టుకుపోయి ఉంటే దానంతటదే విప్పుకుని అతుక్కుంటుందని ఎదురుచూడటంలో అర్థం లేదు.

ఆగి చూసేటప్పుడు రెండు రకాల చుక్కలు ఇస్తారు. స్టెరాయిడ్ చుక్కలు కంటి లోపలి మంటను తగ్గిస్తాయి. 5 శాతం ఉప్పు నీటి చుక్కలు కార్నియా పైనుంచి నీటిని లాగి వాపు తగ్గిస్తాయి. ఉప్పు చుక్కలు వేస్తే కాసేపు చురుక్కుమంటుంది, అది మామూలే. ఒక సంగతి మాత్రం తెలిసి ఉండాలి: ఈ చుక్కల్లో ఏదీ పొరను అంటించదు. అవి సమయం కొనిస్తాయి, అంతే. ఆ సమయంలో పొర తనంతట తాను దగ్గరవుతోందా అని మళ్లీ మళ్లీ స్కాన్ తీసి చూడాలి. చుక్కలు రాసిచ్చి నెల తర్వాత రమ్మనడం ఆగి చూడటం అనిపించుకోదు.

ఊడింది పెద్దదై, కంటిపాపకి అడ్డంగా ఉంటే ఎక్కువ కాలం ఆగడం నష్టమే. నెలల తరబడి మసకలో బతకడం ఒక కష్టం. దానికి తోడు పొర ముడతలు పడి, బిగుసుకుని, మచ్చకడుతుంది. అప్పుడు అతికినా చూపు ముందులా తేటగా రాకపోవచ్చు.

గాలి బుడగ ఏం చేస్తుంది

గాలి ఎక్కించి పొరను అతికించే పద్ధతిని డెసిమెటోపెక్సీ అంటారు. పేరు పెద్దది గానీ పని చిన్నదే. ఎక్కువగా చుక్కల మత్తుతో లేదా కంటి పక్కన ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌తో చేస్తారు.

ముందుగా కార్నియా అంచున, పొర ఊడని చోట, చిన్న రంధ్రం చేస్తారు. చోటు ఎంపికే సగం ఆపరేషన్. ఊడిన వైపు నుంచి సూది పెడితే మొన పొర వెనక్కి దూరి, గాలి స్ట్రోమాకీ పొరకీ మధ్య చేరి మొత్తం పొరను ఊడగొట్టే ప్రమాదం ఉంది. అందుకే సర్జన్ సూది మొన ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు భాగం) మీద స్పష్టంగా కనిపించేదాకా గాలి వదలరు. కొంచెం నీరు బయటికి తీసి, నెమ్మదిగా గాలి ఎక్కిస్తారు. బుడగ వెండి బిళ్లలా మెరుస్తూ కింద నుంచి విచ్చుకుంటుంది, వేలాడుతున్న పొరను ముందుకు తోసి స్ట్రోమాకి ఆనిస్తుంది. మధ్యలో చిక్కుకున్న నీటిని కార్నియా పైనుంచి మెత్తగా నిమురుతూ అంచులకి తోస్తారు. ఆ నీరు ఎటూ పోకపోతే కార్నియాకి పైనుంచి సన్నటి గాట్లు పెట్టి బయటికి వదులుతారు. మైక్రోస్కోపుకే ఓసీటీ అమర్చి ఉన్న థియేటర్లలో రెండు గీతలు కలిసి ఒకటి కావడం అప్పటికప్పుడే కనిపిస్తుంది.

కంటి ముందు గది నిండా గాలి ఉంచి కొంతసేపు ఆగి, తర్వాత కొంత తీసేసి మిగతాది వదులుతారు. మొత్తం అలాగే ఉంచితే కంటిపాపకి బుడగ అడ్డం పడి, వెనక తయారయ్యే నీరు ముందుకు రాలేక ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది. దీన్ని తప్పించడానికి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు, లేదా ఐరిస్ కింది అంచున చిన్న రంధ్రం చేస్తారు. కొన్ని గంటల తర్వాత ప్రెషర్ చూసి గానీ ఇంటికి పంపకూడదు. ఇంటికి వెళ్లాక కంట్లో విపరీతమైన నొప్పి, తలనొప్పి, వాంతులు మొదలైతే పొద్దున చూపిద్దాంలే అనుకోవద్దు. అర్ధరాత్రి అయినా వెళ్లాల్సిందే. ప్రెషర్ అలాగే ఉండిపోతే కంటి నరం దెబ్బతింటుంది, కంటిపాప పెద్దదై మళ్లీ ముడుచుకోకుండా ఉండిపోవచ్చు కూడా.

ఆ తర్వాతి పని రోగిదే. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది. వెల్లకిలా పడుకుంటే కార్నియాయే అన్నిటికన్నా పైన ఉంటుంది కాబట్టి బుడగ దాన్నే నొక్కుతుంది. లేచి కూర్చుంటే బుడగ కార్నియా పై అంచుకి జారిపోతుంది, కింది భాగానికి ఆసరా ఉండదు. అందుకే మొదటి ఒకటి రెండు రోజులు వీలైనంతసేపు పైకప్పు చూస్తూ పడుకోమంటారు. ఊడిన భాగం పైవైపే ఉంటే కూర్చున్నా కొంత పని జరుగుతుంది. మీ కంట్లో ఎక్కడ ఊడిందో, ఎలా పడుకోవాలో డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి. నడుం నొప్పి, దగ్గు, ఆయాసం లాంటివి ఉండి వెల్లకిలా పడుకోలేనివాళ్లు ఆ సంగతి ఆపరేషన్‌కి ముందే చెప్పాలి. మొహమాటపడితే బుడగ పెట్టిన ఫలితం దక్కదు.

మామూలు గాలి కొద్ది రోజుల్లో కరిగిపోతుంది. ఇంకా ఎక్కువ రోజులు ఆసరా కావాలంటే గాలిలో కలిపిన 20 శాతం ఎస్‌ఎఫ్6 గానీ 14 శాతం సీ3ఎఫ్8 గానీ వాడతారు, ఇవి నెమ్మదిగా కరిగే వాయువులు. గాలి కలపకుండా ఒట్టి వాయువే ఎక్కిస్తే కంట్లో వ్యాకోచించి ప్రెషర్ పెంచుతుంది, అందుకే ఈ మోతాదులు. ఎక్కువ రోజులు ఉండే వాయువుతో ప్రెషర్ భయం కూడా ఎక్కువ రోజులు ఉంటుంది. తాజాగా ఊడిన పొరకి మొదటిసారి మామూలు గాలితో ప్రయత్నించడమే నాకు సబబుగా తోస్తుంది. అది నిలవకపోతే, ఊడి చాలా రోజులైతే, వాయువు గురించి ఆలోచించొచ్చు. కంట్లో బుడగ ఉన్నన్నాళ్లూ విమానం ఎక్కకూడదు, ఎత్తుకి వెళ్లేకొద్దీ అది పెద్దదవుతుంది. ఈలోగా వేరే ఏదైనా ఆపరేషన్‌కి పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే కంట్లో వాయువు ఉందని మత్తు డాక్టర్‌కి చెప్పి తీరాలి, నైట్రస్ ఆక్సైడ్ బుడగను ఉబ్బిస్తుంది.

మొదటిసారి అతకకపోతే

ఒకసారి నిలవలేదంటే అంతా అయిపోయినట్టు కాదు. మళ్లీ గాలి ఎక్కించొచ్చు. చుట్టుకుపోయిన అంచును పరికరంతో విప్పి పరచొచ్చు, 10-0 నైలాన్ దారంతో కార్నియాలోంచి కుట్టి పట్టి ఉంచొచ్చు. మచ్చ లాగుతుంటే పొరకి గాటు పెట్టి బిగువు వదిలించొచ్చు. ఇవేవీ కుదరనప్పుడు, పొర చాలా భాగం తెగి పోయినప్పుడు మార్పిడి అవసరమవుతుంది. అప్పుడు కూడా కార్నియా మొత్తం మార్చక్కర్లేదు. 2006లో గెరిట్ మెల్లెస్ పరిచయం చేసిన డీమెక్ పద్ధతిలో దాత కంటి నుంచి డెసిమెట్ పొరను, దాని మీది కణాలను మాత్రమే తీసి పెడతారు. ఆ కొత్త పొరను పట్టి ఉంచేది కూడా గాలి లేదా వాయువు బుడగే. అది కొంచెం ఊడితే మళ్లీ బుడగ పెట్టడం ఆ సర్జన్లకి అలవాటైన పని. అందుకే పొర ఊడిన కన్ను క్లిష్టంగా కనిపిస్తే కార్నియా నిపుణుల దగ్గరికి వెళ్లడం మంచిది. ఆపరేషన్ చేసిన డాక్టరే అలా పంపితే అనుమానించాల్సిన పని లేదు.

పొర అతికాక చూపు ఒక్కరోజులో రాదు. ముందు బుడగ కరగాలి, తర్వాత కణాలు స్ట్రోమాలో చేరిన నీటిని తోడాలి. రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చు. కార్నియా మందం కొలుస్తూ పోతే ఆ తగ్గుదల అంకెల్లో తెలుస్తుంది. వాపు పూర్తిగా పోయేదాకా అద్దాల నంబరు రాయించుకోకండి, అది మారిపోతుంది.

రెండో కంటికి ఇంకా ఆపరేషన్ కావాల్సి ఉంటే, మొదటి కంట్లో పొర ఊడిన సంగతి, స్కాన్ బొమ్మలు, చేసిన చికిత్స కాగితాలతో సహా ఆ సర్జన్ ముందు పెట్టండి. ముందుగా తెలిస్తే ఆ కంటి కణాల లెక్క స్పెక్యులర్ మైక్రోస్కోపీతో చూసుకుంటారు, కొత్త బ్లేడు, కోత తీరు, పరికరాలు ఎన్నిసార్లు లోపలికి పెట్టాలన్నవి జాగ్రత్తగా ఎంచుకుంటారు, ఆపరేషన్ చివర్లో పొర అంచు లేచిందేమో వెతికి చూస్తారు. లేచి ఉంటే అక్కడే, అప్పుడే, కట్టు కట్టకముందే గాలి బుడగ పెట్టేయొచ్చు.